గంటకోసారి లేస్తాం! లేవనివ్వాల్సిందే!



మాదాపూర్‌లో కోడ్ రాసేవాళ్లూ, గచ్చిబౌలిలో కాల్స్ ఎత్తేవాళ్లూ, రాయదుర్గంలో క్లెయిములు ప్రాసెస్ చేసేవాళ్లూ, బ్యాంకు కౌంటర్లో పాస్‌బుక్కులు ప్రింటు కొట్టేవాళ్లూ, మీసేవలో దరఖాస్తులు ఎక్కించేవాళ్లూ, ఆడిటర్ గారి ఆఫీసులో జీఎస్టీ రిటర్నులు నింపేవాళ్లూ... ఈ కాగితం మనందరిదీ. ఒకటే షరతు. దీన్ని కూర్చుని చదవొద్దు. లేచి నిలబడి చదవండి!

నడుం పట్టేసిందా? మెడ తిప్పితే కలుక్కుమంటోందా? మౌస్ పట్టుకునే చెయ్యి మణికట్టు దగ్గర లాగుతోందా? పొద్దున వదులుగా ఉన్న చెప్పులు సాయంత్రానికి బిగుతవుతున్నాయా? రెండంతస్తులు ఎక్కితే ఆయాసం వస్తోందా? పోయిన దసరాకి కుట్టించిన ప్యాంటుకి బొత్తాం పెట్టాలంటే ఊపిరి బిగబట్టాల్సి వస్తోందా?

"నాకొక్కడికేనేమో" అనుకుంటున్నారా? పక్క సీటు వాళ్లని అడగండి. వెనక సీటు వాళ్లని అడగండి. అందరిదీ అదే పాట! ఒకే బాధ ఫ్లోరు మొత్తానికీ ఉంటే, తప్పు మన ఒంటిదా? ఫ్లోరుదా?

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయన్నారు పెద్దలు. మనం కూర్చుని తినట్లేదు. కూర్చుని చాకిరీ చేస్తున్నాం! కరుగుతున్నది కొండలు కాదు, మన కండలు.

పచ్చ చుక్క కాపలా

మన ఆఫీసులో ఒక్క గంట ఎలా గడుస్తుందో చూడండి.

టీమ్స్‌లో మన పేరు పక్కన ఒక పచ్చ చుక్క. మౌస్ కదిలినంతసేపు అది పచ్చగా ఉంటుంది. అయిదు నిమిషాలు చెయ్యి తీశామా, పసుపు రంగుకి మారిపోతుంది. సీసా పట్టుకుని నీళ్ల దగ్గరికి వెళ్తాం. అక్కడ అప్పటికే ఇద్దరు నిలబడి ఉంటారు. మన వంతు వచ్చి, సీసా సగం నిండేసరికి ఫోన్ మోగుతుంది. "ఎక్కడున్నావ్? అవేలో కనపడుతున్నావేంటి?" సగం సీసాతోనే పరుగు. ఇదీ మనకి దొరికే వ్యాయామం!

ఈ చుక్క భయంతో ఏం జరుగుతోందో తెలుసు కదా? మౌస్‌ని దానంతటదే కదిపే చిన్న యంత్రాలు బజార్లోకి వచ్చాయి. డబ్బులు పెట్టి కొనుక్కుంటున్నాం. మౌస్‌కి వ్యాయామం, మనిషికి ఖైదు! ఇంతకన్నా సిగ్గుచేటు ఉందా?

కాల్ సెంటర్లో ఉన్న చెల్లెళ్ల సంగతి ఇంకా ఘోరం. సీటు వదలాలంటే ముందు సిస్టంలో ఆక్స్ అనే విరామం బటన్ నొక్కాలి. బాత్రూంకి వెళ్లిన నిమిషాలు కూడా రిపోర్టులోకి ఎక్కుతాయి. నెలాఖరున టీమ్ లీడర్ ఆ కాగితం ముందు పెడతాడు. "నీ ఆక్స్ ఎక్కువైంది" అంటాడు. దాంతో ఆ పిల్లలు ఏం చేస్తున్నారు? నీళ్లు తాగడం మానేస్తున్నారు! ఎండాకాలంలో, ఏసీ గదిలో, గొంతు ఎండిపోతున్నా మాట్లాడుతూనే ఉంటారు. ఆ తర్వాత మూత్రంలో మంట, జ్వరం, యాంటీబయాటిక్‌లు. సెలవు పెడితే జీతం కోత. నీళ్లు తాగకపోవడానికి కారణం బద్ధకమా? భయమా?

ఇక మెట్లు. మీ బిల్డింగులో మెట్ల తలుపు ఎప్పుడైనా తోసి చూశారా? లోపల పాత మానిటర్ల అట్టపెట్టెలు. తుడుపుకర్ర, బకెట్. ఆరిపోయిన ట్యూబ్‌లైట్. గోడ మీద మాత్రం ఎర్ర అక్షరాలతో బోర్డు: అగ్నిప్రమాదం జరిగితే మెట్లే వాడవలెను. ప్రాణం పోయే రోజున వాడాలట. ప్రాణం నిలుపుకోవడానికి రోజూ వాడదామంటే దారి లేదు!

ఒంట్లో జరుగుతున్నది ఇదీ

భయపెట్టడానికి చెప్పట్లేదు. తెలుసుకోవాలి కాబట్టి చెబుతున్నాం.

మన ఒంట్లో పెద్ద కండలు ఎక్కడున్నాయి? తొడల్లో, పిరుదుల్లో, పిక్కల్లో. మనం తిన్న అన్నం చక్కెరై రక్తంలోకి వస్తే, దాన్ని లాక్కుని ఖర్చు పెట్టేది ముఖ్యంగా ఈ కండలే. నడిచేటప్పుడు ఇన్సులిన్ సాయం పెద్దగా లేకపోయినా లాక్కోగలవు. మరి పప్పన్నం తినేసి నేరుగా వచ్చి కుర్చీలో పడితే? కండలు ఊరికే ఉంటాయి. చక్కెర రక్తంలోనే తిరుగుతుంది. మిగిలింది కొవ్వై కాలేయంలోకి, పొట్టలోకి చేరుతుంది. రెండున్నరకి వచ్చే ఆ మత్తు, ఆ ఆవలింతలు... పని మీద శ్రద్ధ లేక అనుకున్నారా?

నడిచిన ప్రతిసారీ పిక్కలు బిగుసుకుంటాయి. కాళ్లలోకి దిగిన రక్తాన్ని పైకి, గుండె వైపు నెడతాయి. గంటల తరబడి కూర్చుంటే ఆ నెట్టుడు ఆగిపోతుంది. నీరు కిందనే నిలుస్తుంది. సాయంత్రానికి చెప్పులు బిగుతయ్యేది అందుకే! మరీ ఎక్కువసేపు కదలకపోతే కాలి నరాల్లో రక్తం గడ్డ కట్టే ప్రమాదం కూడా పెరుగుతుంది.

తల బరువు నాలుగైదు కిలోలు. ల్యాప్‌టాప్ మీదకి వంగేకొద్దీ ఆ బరువు మోసే మెడ కండరాల మీద భారం ఇంకా పెరుగుతుంది. స్క్రీన్‌కి అతుక్కుపోతే రెప్ప వేయడం కూడా తగ్గిపోతుంది. అందుకే కళ్లు ఎర్రబడతాయి, మండుతాయి.

ఇంటికెళ్లాక? పిల్లాడు "నాన్నా, క్రికెట్ ఆడదాం రా" అంటే నడుం పట్టుకుని "రేపు రా" అంటాం. పండక్కి ఊరెళ్తే డెబ్బై ఏళ్ల నాన్న గట్టు మీద చకచకా ముందు నడుస్తుంటాడు. ముప్ఫై ఏళ్ల మనం వెనక రొప్పుతూ ఉంటాం! ఈ ఉద్యోగం మనకి జీతం ఇస్తోంది, నిజమే. వయసు ఎంత కోసుకుంటోందో లెక్క వేశామా?

నూటికి ఎనభై నాలుగు!

ఇది దూరదేశం సంగతి కాదు. మన హైదరాబాద్ లెక్కే. హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆసుపత్రి పరిశోధకులు 345 మంది ఐటీ ఉద్యోగుల్ని పరీక్షించారు. ఫలితాలు 2025లో సైంటిఫిక్ రిపోర్ట్స్ పత్రికలో వచ్చాయి. అందులో 84 శాతం మందికి ఫ్యాటీ లివర్! 71 శాతం మందికి ఊబకాయం!

మళ్లీ చదవండి. నూటికి ఎనభై నాలుగు. మీ బేలో, అంటే మీ సీట్ల వరుసలో, పదిమంది ఉంటే ఎనిమిది మంది! ఫ్యాటీ లివర్ మందు తాగేవాళ్లకి మాత్రమే వచ్చే జబ్బు కాదు. చుక్క ముట్టనివాళ్లకీ వస్తోంది. గంటల తరబడి కూర్చోవడం, నిద్ర చెడిపోవడం, వేళాపాళా లేని తిండి, పని ఒత్తిడి, ఇవన్నీ కలిసి చేస్తున్న పని.

దేశం లెక్క చూస్తారా? ఐసీఎంఆర్ సర్వే 2023లో చెప్పింది: మన దేశంలో 10 కోట్ల మందికి పైగా చక్కెర జబ్బు. దాని అంచున మరో 13 కోట్ల 60 లక్షల మంది. 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రిక చెప్పింది: పెద్దవాళ్లలో దాదాపు సగం మందికి ఒంటికి సరిపడా కదలిక లేదు. ఆడవాళ్లలో ఆ సంఖ్య ఇంకా ఎక్కువ, నూటికి 57!

"నీ బద్ధకమే" అంటారా?

ఇన్ని కోట్ల మంది ఒకేసారి బద్ధకస్తులైపోయారా? ఒకే రోజు అందరికీ సోమరితనం పట్టుకుందా? నమ్మేలా ఉందా ఈ మాట?

అసలు మనల్ని కూర్చోబెట్టింది ఎవరు? పొద్దున హాస్టల్ గుమ్మం దగ్గర క్యాబ్ ఎక్కుతాం. ట్రాఫిక్‌లో గంట కూర్చుంటాం. లిఫ్ట్‌లో పైకెళ్తాం. తొమ్మిది గంటల లాగిన్. మీటింగ్ మీద మీటింగ్. మధ్యాహ్నం తిండి కూడా స్క్రీన్ ముందే. మళ్లీ క్యాబ్, మళ్లీ గంట. పడుకునేముందు "ఒక్క చిన్న కాల్" అంటూ అమెరికా వాళ్లతో ఇంకో గంట. ఇందులో మనం నడవడానికి మిగిలిందెంత? మంచం నుంచి బాత్రూం దాకా!

ఇది చాలదని పని గంటలు పెంచుతున్నారు. 2023లో ఒక పెద్దాయన వారానికి 70 గంటలు పనిచేయమన్నారు. 2025లో ఇంకో పెద్దాయన 90 అన్నారు, ఆదివారం కూడా రమ్మన్నారు. అదే ఏడాది జూలైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకి 10 గంటల దాకా పని చేయించుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చింది. వారానికి 48 గంటల హద్దు పెట్టింది, ఆరు గంటల పని దాటితే అరగంట విరామం ఇవ్వాలంది. ఆంధ్రప్రదేశ్ కూడా ఆ ఏడాదే 10 గంటల దారి పట్టింది. సరే. ఆ అరగంటలోనే తినాలి, చెయ్యి కడుక్కోవాలి, ఇంటికి ఫోన్ చేయాలి, బాత్రూంకి వెళ్లాలి. ఇక నడిచేదెప్పుడు?

పోనీ ఆఫీసు బయట నడుద్దామా? రాయదుర్గం మెట్రో దిగి ఆఫీసు దాకా నడిచి చూడండి. ఫుట్‌పాత్ మీద బైకులు. బైకుల పక్కన ట్రాన్స్‌ఫార్మర్. అది దాటితే పగిలిన పలక. దాని కింద మురుగు. రోడ్డు మీదకి దిగితే వెనక నుంచి హారన్! ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో కట్టారు, పైన సోలార్ పలకలు కూడా వేశారు. మంచిదే, కాదనం. కానీ చాలామందికి అక్కడిదాకా సైకిల్ తీసుకెళ్లడానికి ముందు కారు కావాలి! ఆఫీసుకి రోజూ నడిచొచ్చే పిల్లకి కావాల్సింది నాలుగు అడుగుల ఫుట్‌పాత్, ఒక వీధి దీపం, రోడ్డు దాటడానికి ఒక సిగ్నల్.

ఇక కంపెనీల సంక్షేమం! జూన్ 21న యోగా దినం. తెల్ల టీషర్టులు, చాపలు, ఫోటోలు. 22న మళ్లీ అదే కుర్చీ! ఇంకోసారి అడుగుల పోటీ పెడతారు. రోజుకి 10,000 అడుగులు వేసినవాళ్లకి కూపన్. ఆ 10,000 ఏ డాక్టరూ పరీక్షించి పెట్టిన అంకె కాదు. 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే మీటర్లు అమ్మిన కంపెనీ ప్రచారంతో పుట్టింది. 7,000 అడుగులకే లాభంలో చాలా భాగం దక్కుతుందని 2025లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్‌లో వచ్చింది. ఆ మాట మనకెవరు చెప్పారు? పది వేలు కాలేదని సిగ్గుపడి, అసలు నడకే మానేసిన వాళ్లు మనలో ఎంతమంది లేరు!

కూపన్లు వద్దు. మాకు టైం కావాలి!

ఒకే బస్సు, రెండు గుండెలు

"కూర్చుంటే ఏమవుతుందిలే" అనేవాళ్లకి ఒక పాత లెక్క చెప్పాలి. లండన్‌లో జెర్రీ మోరిస్ అనే డాక్టర్, తన తోటివాళ్లతో కలిసి, వేలమంది బస్సు ఉద్యోగుల్ని పరిశీలించాడు. ఒకప్పుడు మన సికింద్రాబాద్‌లో తిరిగినవాటిలాంటి డబుల్ డెక్కర్ బస్సులే అవి. డ్రైవర్ రోజంతా సీట్లో. కండక్టర్ రోజంతా పైకీ కిందకీ, ఒక్క షిఫ్టులో వందల మెట్లు. ఒకే బస్సు. ఒకే రోడ్డు. ఒకే పొగ. 1953లో లాన్సెట్‌లో ఫలితం వచ్చింది. కండక్టర్లకి గుండె జబ్బులు తక్కువ! వచ్చినా డ్రైవర్లకి వచ్చినంత తీవ్రంగా రాలేదు.

ఆయన అక్కడితో ఆగలేదు. తపాలా ఆఫీసుల్లో చూశాడు. ఉత్తరాలు పంచుతూ తిరిగే పోస్ట్‌మన్‌కీ, లోపల బల్ల దగ్గర కూర్చునే గుమస్తాకీ అదే తేడా!

డ్రైవర్ బద్ధకస్తుడా? కాదు. సీటు వదిలితే బస్సు ఏమవుతుంది? ఉద్యోగమే అతన్ని కూర్చోబెట్టింది. మనల్నీ అంతే. కాకపోతే మన కుర్చీకి స్టీరింగ్ లేదు. అయిదు నిమిషాలు లేచామని ఏ బస్సూ బోల్తా పడదు!

కోజికోడ్ అక్కలు దారి చూపించారు

కేరళలో బట్టల షాపుల్లో పనిచేసే అక్కలది మన కష్టానికి పూర్తిగా తిరగబడ్డ కష్టం. వాళ్లకి కూర్చునే వీలుండేది కాదు. కస్టమర్ లేకపోయినా రోజంతా నిలబడాల్సి వచ్చేది. గోడకి ఆనుకుంటే జరిమానా. కాళ్ల వాపులు, ఉబ్బిన నరాలు. బాత్రూంకి వెళ్లడానికీ వీలుండేది కాదు. కోజికోడ్‌లో దర్జీ పని చేసే విజి అనే ఆవిడ ముందు నిలబడింది. పెణ్‌కూట్టు పేరుతో ఆ అక్కలంతా ఒక్కటయ్యారు. ముందు బాత్రూం కోసం కొట్లాడారు. తర్వాత కుర్చీ కోసం కొట్లాడారు. "అత్యాశ" అని నవ్వినవాళ్లున్నారు. 2018లో కేరళ చట్టం మార్చి కూర్చునే హక్కు ఇచ్చింది. 2021లో తమిళనాడు కూడా అదే బాట పట్టింది.

వాళ్లు కూర్చునే హక్కు గెలిచారు. మనం లేచే హక్కు గెలవలేమా? రెండూ ఒకటే పోరాటం. మన ఒళ్లు ఎప్పుడు కూర్చోవాలో, ఎప్పుడు లేవాలో చెప్పాల్సింది మన ఒళ్లే! సూపర్‌వైజర్ కాదు!

అందుకే ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. రోజంతా నిలబడి పనిచేసే బల్లలు కొనిపెట్టండని మనం అడగట్లేదు. రోజంతా నిలబడితే ఏమవుతుందో ఆ అక్కల కాళ్లనడగండి. మనకి కావాల్సింది కదలిక!

గంటకి అయిదు నిమిషాలు. లెక్క చూడండి!

మనం అడుగుతున్నది ఎంత? గంటకి అయిదు నిమిషాలు. ఎనిమిది గంటలకి 40 నిమిషాలు. వారానికి అయిదు రోజులు వేసుకుంటే 200 నిమిషాలు. పెద్దవాళ్లకి వారానికి కనీసం 150 నుంచి 300 నిమిషాల చురుకైన కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. చకచకా నడిస్తే ఆఫీసులోనే ఆ కోటా అయిపోయింది! జిమ్ ఫీజు అక్కర్లేదు. తెల్లవారుజామున అలారం అక్కర్లేదు.

"అయిదు నిమిషాల నడక కూడా ఒక నడకేనా?" అంటారా? పది నిమిషాలు ఆగకుండా చేస్తేనే లెక్క అని ముందు చెప్పేవాళ్లు. 2020లో ఆ షరతు తీసేశారు. ప్రతి అడుగూ లెక్కే! 2023లో కొలంబియా యూనివర్సిటీ వాళ్లు ఒక చిన్న ప్రయోగం చేశారు. అరగంటకోసారి అయిదు నిమిషాలు నడిచినవాళ్లకి తిన్న తర్వాత చక్కెర పెరుగుదల సగానికి పైగా తగ్గింది. రక్తపోటు కూడా దిగింది. మనం అడుగుతున్నది అందులో సగమే!

జిమ్‌కి వెళ్లే తమ్ముడూ, నీకూ ఒక మాట. వెళ్లు, మానొద్దు. కానీ 2016లో లాన్సెట్‌లో పది లక్షల మంది లెక్కలు కలిపి చూస్తే, రోజుకి ఎనిమిది గంటలు కూర్చునే నష్టాన్ని పూర్తిగా పూడ్చాలంటే రోజుకి 60 నుంచి 75 నిమిషాల చురుకైన కదలిక కావాలని తేలింది. నీ శని, ఆదివారాల జిమ్ మంచిదే. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఏం చేస్తున్నావు?

రేపటి నుంచి ఇలా చేద్దాం

ఒక్కరు లేస్తే వాళ్ల పేరు నోట్ చేస్తారు. బే మొత్తం లేస్తే ఎవరి పేరు రాస్తారు? అందుకే కలిసి లేద్దాం!

పొద్దున 11 గంటలకి ఒకసారి, సాయంత్రం 4 గంటలకి ఒకసారి బే మొత్తం లేవాలి. ఎవరూ పిలవక్కర్లేదు. గడియారమే పిలుస్తుంది. మిగతా గంటల్లో ఎవరి వీలుని బట్టి వాళ్లు. కాల్ సెంటర్లో వంతులు వేసుకుందాం. వీళ్లు లేచినప్పుడు వాళ్లు కాల్స్ ఎత్తాలి.

చిన్న సీసా తెచ్చుకోండి. రెండు లీటర్ల సీసా బల్ల మీద పెట్టుకుంటే ఇక లేవరు. అర లీటరుదైతే నింపుకోవడానికి లేవాల్సిందే.

అన్నం తిన్నాక పది, పదిహేను నిమిషాలు నడవండి. కింద కాంపౌండ్‌లోనో, కారిడార్‌లోనో. టీ బండి దాకా వెళ్తే మిర్చి బజ్జీ దగ్గర ఆగకుండా రావాలి సుమా!

వీడియో అక్కర్లేని కాల్ అయితే నడుస్తూ మాట్లాడండి. పది నిమిషాల స్టాండప్ మీటింగ్ అని పేరు పెట్టి అందరూ కూర్చునే మీటింగులో మీరు నిజంగానే నిలబడండి! పక్క బేలో ఉన్న మనిషికి మెసేజ్ పెట్టకండి. లేచి వెళ్లి అడగండి.

మెట్ల దారి తెరిచి ఉన్నచోట లిఫ్ట్‌లో రెండంతస్తులు ముందే దిగి మెట్లెక్కండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మెట్ల జోలికి పోకండి, చదునుగా నడవండి.

కుర్చీ దగ్గరే చేసేవీ ఉన్నాయి. మడమలు లేపి, దించండి. పిక్కలు పనిలో పడతాయి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోండి. గోడకి చేతులు ఆనించి దండీలు తీయండి. వారానికి కనీసం రెండు రోజులు కండలకి పని చెప్పాలన్నదీ ప్రపంచ ఆరోగ్య సంస్థ మాటే. ఏం చేయాలో తోచకపోతే గుంజీలు తీయండి! వినాయకచవితికి దేవుడి ముందు తీసినవి, బళ్లో మాస్టారు తీయించినవి, అవే. పైసా ఖర్చు లేదు, చోటు అక్కర్లేదు.

కళ్ల కోసం ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరంలో ఉన్నదేదైనా ఇరవై సెకన్లు చూడండి. కిటికీ బయట చెట్టు మిగిలుంటే దాన్ని చూడండి!

జాగ్రత్త కూడా చెప్పాలి. గుండె జబ్బు, బీపీ, చక్కెర ఉన్నవాళ్లు కొత్తగా కష్టమైన వ్యాయామం మొదలుపెట్టే ముందు డాక్టర్‌ని అడగండి. నడుస్తుంటే ఛాతీలో బరువుగా అనిపించినా, ఒక్క కాలే వాచి నొప్పి పెట్టినా "గ్యాస్‌లే, బెణికిందిలే" అనుకోవద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఇంటి నుంచి పనిచేసే అక్కా!

నిన్ను మర్చిపోలేదు. ఒక చెవిలో హెడ్‌ఫోన్, ఇంకో చెవి కుక్కర్ విజిల్ మీద. డైనింగ్ టేబుల్ కుర్చీలో తొమ్మిది గంటలు. లేచినా వంటింటి దాకే! "ఇంట్లోనే ఉంటావు కదా, హాయి" అంటారు అందరూ. హాయా? ఆఫీసుకెళ్తే కనీసం గేటు దాకా నడిచేదానివి. ఇప్పుడు గడప దాటట్లేదు!

అక్కా, సాయంత్రం అరగంట నీది. కూరగాయల సంచీ పట్టుకుని కాదు. ఖాళీ చేతులతో! ఆ అరగంట పిల్లల్ని బావ చూసుకుంటాడు, కుక్కర్ కూడా బావే దించుతాడు. బావా, ఈ వాక్యం మీకే రాశాం!

రాత్రి షిఫ్టు చేసే అన్నలకి: అర్ధరాత్రి రెండింటికి నిద్ర ఆపుకోవడానికి బిర్యానీ ఆర్డర్ పెట్టే బదులు, నలుగురు కలిసి ఫ్లోరంతా ఒక చుట్టు తిరగండి. ఆడపిల్లలు ఆ వేళ బయటికి వెళ్లనక్కర్లేదు, వెళ్లాల్సి రాకూడదు. లోపలే లైట్లు, చోటు, కాపలా చూపించడం కంపెనీ బాధ్యత.

మన డిమాండ్లు

1. ప్రతి గంటకీ అయిదు నిమిషాలు లేచే విరామం. జీతం కోత లేకుండా, లాగిన్ గంటల్లో భాగంగా!

2. ఆ విరామం, బాత్రూం విరామం ఆక్స్ లెక్కలోకి, రేటింగ్‌లోకి రాకూడదు. పచ్చ చుక్కని హాజరుపట్టీగా వాడటం ఆపాలి!

3. గంట మీటింగు 50 నిమిషాలకే ముగియాలి. అరగంట మీటింగు 25 నిమిషాలకే. మధ్యాహ్నం భోజనం వేళ మీటింగులు పెట్టకూడదు!

4. మెట్లు శుభ్రం చేయాలి. లైట్లు వేయాలి. తలుపులు తెరిచి ఉంచాలి!

5. ఎత్తు సవరించుకునే కుర్చీ, కళ్ల ఎత్తుకి వచ్చే స్క్రీన్ అందరికీ ఇవ్వాలి. మేనేజర్లకే కాదు, కాంట్రాక్టు వాళ్లకీ, ట్రైనీలకీ, ఇంటి నుంచి చేసేవాళ్లకీ!

6. ఏడాదికోసారి కంపెనీ ఖర్చుతో కాలేయం, చక్కెర, బీపీ పరీక్షలు. ఆ రిపోర్టు మన చేతికే రావాలి. హెచ్‌ఆర్ చేతికి కాదు!

7. మెట్రో స్టేషన్ నుంచి ఆఫీసుల దాకా నడవగలిగే ఫుట్‌పాత్, వీధి దీపాలు, రోడ్డు దాటే సిగ్నళ్లు. ఇది ప్రభుత్వానికీ, కార్పొరేషన్‌కీ!

ఇందులో ఒక్కటైనా గొంతెమ్మ కోరిక ఉందా? చెప్పండి!

"టార్గెట్ పోతుంది" అంటారు

అననివ్వండి. రెండున్నరకి ఆవలిస్తూ ఒకే లైను నాలుగుసార్లు చదివేవాడు ఎక్కువ పని చేస్తాడా? అయిదు నిమిషాలు నడిచొచ్చినవాడా? నడుం నొప్పితో వారం సెలవు పెట్టినవాడి టార్గెట్ ఎవరు చేస్తారు? ఆ వారం పని ఎవరి నెత్తిన పడుతుంది? మన నెత్తినే!

"నా ఉద్యోగం పోతుందేమో" అని భయమా? అర్థం చేసుకోగలం. ఇంటి లోను ఈఎంఐ ఉంది. పిల్లల ఫీజులున్నాయి. ఊళ్లో అమ్మానాన్నల మందులున్నాయి. అందుకే ఎవర్నీ ఒంటరిగా మేనేజర్ గదిలోకి వెళ్లమనట్లేదు. బే మొత్తం సంతకాలతో ఒక మెయిల్. ఇద్దరు ముగ్గురు కలిసి ఒక మాట. నీళ్లు తాగడానికి లేచిన చెల్లిని ఎవరైనా మందలిస్తే పక్క సీటు నుంచి "నేనూ లేచాను" అని ఒక గొంతు వినపడాలి. దాని పక్క నుంచి ఇంకో గొంతు. అంతే. అక్కడే వాళ్లు ఆగిపోతారు!

మేనేజర్ గారూ, మీక్కూడా. మీ నడుం మాత్రం ఇనుముతో చేసిందా? మీ పేరు పక్కనా చుక్క ఉంది కదా! మీరూ లేవండి. మీరు లేస్తే సగం పోరాటం అయిపోయినట్టే!

సోదరులారా, సోదరీమణులారా! మన జీతం పెంచేవాళ్లున్నారు, తగ్గించేవాళ్లున్నారు. పాడైన కాలేయం, అరిగిన వెన్నుపూస తిరిగి ఇచ్చేవాళ్లు ఎవరూ లేరు. కంపెనీ మారితే కుర్చీ మారుతుంది. ఒళ్లు మాత్రం ఇదే!

ఈ కాగితం చెత్తబుట్టలో వేయకండి. క్యాంటీన్ గోడకి అంటించండి. వాట్సాప్‌లో ఫోటో తీసి పంపండి. క్యాబ్‌లో పక్కన కూర్చున్నవాళ్లకి ఇవ్వండి. ఆ క్యాబ్ డ్రైవరన్నకీ ఒకటి ఇవ్వండి, ఆయన మనకన్నా ఎక్కువ గంటలు కూర్చుంటున్నాడు!

లేచే హక్కు మా హక్కు!
గంటకి అయిదు నిమిషాలు ఇవ్వాల్సిందే!
కుర్చీ ఉద్యోగుల ఐక్యత వర్ధిల్లాలి!

రేపు పొద్దున 11 గంటలకి. మీ బేలో. ఒక్కరూ కూర్చోవద్దు!

ఇట్లు,
మీ పక్క సీటు వాళ్లు